నీటిమట్టం చూసి బయల్దేరండి

ఏప్రిల్ దగ్గరపడుతోందంటే చెన్నై తెలుగువాళ్ల ఇళ్లలో పెద్ద సూట్‌కేసులు అటక దిగుతాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డాలస్ ప్రయాణాల గురించే. అందులోనూ అక్కడి టెక్సోమా లేక్ గురించి. తెలుగుగంగ కాలువ గట్ల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని, పైగా మా అమ్మాయి కాపురం ప్లేనోలో కనుక, జవాబులు నన్ను రాయమన్నారు.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రిస్కోలో ఉంటాడు. మే చివర మూడు రోజులు సెలవు కలిసొస్తే మమ్మల్నీ, వియ్యాలవారినీ, పిల్లలిద్దర్నీ టెక్సోమా తీసుకెళ్లి పడవెక్కిస్తానంటున్నాడు. 2011 క్రిస్మస్ రోజు పళవేర్కాడులో, అంటే మన పులికాట్‌లో, పడవ బోల్తాపడి 22 మంది పోయారన్న వార్త చూసినప్పటి నుంచీ నాకు పడవంటే వణుకు. రానంటే కోడలు ఏమనుకుంటుందో. వెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు, అన్నానగర్

జవాబు: వెళ్లండి తల్లీ. కాకపోతే ఆ మూడు రోజుల్లో మాత్రం వద్దు.

ముందు ఆ నీళ్లేమిటో చెబుతాను. పేరుకు లేక్ అంటున్నారు గానీ అది దేవుడిచ్చిన సరస్సు కాదు. టెక్సస్, ఓక్లహామా రాష్ట్రాల మధ్య పారే రెడ్ రివర్‌కి అడ్డంగా డెనిసన్ దగ్గర మట్టికట్ట వేసి వరద ఆపారు. కట్ట ఎత్తు 165 అడుగులు. 1938లో అనుమతి వచ్చింది, 1944లో పని పూర్తయింది. యుద్ధంలో పట్టుబడిన జర్మన్ సైనికుల చేత కూడా కొంత పని చేయించుకున్నారు. ఇప్పటికీ దాని తాళంచెవులు సైన్యపు ఇంజనీర్ల చేతిలోనే ఉన్నాయి, ఆర్మీ కోర్ అంటారు వాళ్లని. మన లెక్కలో చెప్పాలంటే చెంబరంబాక్కం నిండితే మూడున్నర టీఎంసీల చిల్లర, మన కండలేరు 68. టెక్సోమా మామూలు మట్టంలో ఉన్నప్పుడే వంద టీఎంసీల పైమాట. 89,000 ఎకరాల నీళ్లు. అవతలి ఒడ్డు కనిపించని చోట్లు కూడా ఉన్నాయి.

వరద కోసం కట్టింది కాబట్టి దాని మట్టం ఒక దగ్గర నిలవదు. మామూలుగా సముద్రమట్టానికి 617 అడుగుల ఎత్తున ఉంటుంది. 640 దాటితే స్పిల్‌వే మీంచి దూకుతుంది. 1957, 1990, 2007, 2015ల్లో అలాగే దూకింది. 2015లో దూకింది మే నెలలో. అదే ఏడాది డిసెంబరులో మన అడయారు ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ప్రాంతంలో పెద్ద గాలివానలు, పిడుగులు, అప్పుడప్పుడూ సుడిగాలులు వచ్చేది కూడా ఏప్రిల్ నుంచి జూన్ మధ్యే. మట్టం నాలుగైదు అడుగులు పెరిగిందంటే చాలు, మీ అబ్బాయి ఫోటోల్లో చూపించిన ఇసుక ఒడ్డు, పిక్నిక్ బల్లలు, పడవలు దించే ర్యాంపులు ఒక్కొక్కటిగా నీళ్లలోకి పోతాయి. అంతదూరం పిల్లలతో వెళ్లి గేటు దగ్గర ‘మూసివేయబడింది’ అన్న బోర్డు చదువుకుని తిరిగొచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. వేసవిలో మనం పేపర్లో పూండి, పుళల్ మట్టాలు చూసుకుంటాం కదా, ఆర్మీ కోర్ టుల్సా ఆఫీసు వాళ్లు కూడా ఈ మట్టాన్ని రోజూ తమ వెబ్‌సైట్‌లో పెడతారు. బయల్దేరే ముందురోజు రాత్రి మీ అబ్బాయిని అది చూడమనండి. 617, 618, 619 అంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. 625 అంటే ఆ రోజుకి గుడికి వెళ్లండి.

ఇక ఆ మూడు రోజుల సంగతి. మే నెల ఆఖరి సోమవారం అక్కడ మెమోరియల్ డే. వాళ్ల వేసవి ఆ వారాంతంతోనే మొదలవుతుంది. టెక్సస్‌లో పడవున్న ప్రతివాడూ ఆ రోజు నీళ్లమీదే ఉంటాడు, వాళ్లలో సగం మంది చేతిలో బీరు డబ్బా ఉంటుంది. స్టేట్ పార్కుల్లో పగటి పాసులు ముందే అయిపోతాయి. మంగళవారమో బుధవారమో అబ్బాయి ఒక్కరోజు సెలవు పెట్టగలిగితే అదే పార్కు ఖాళీగా దొరుకుతుంది. సెప్టెంబరు దాకా ఉంటున్నారా? అయితే అప్పుడు వెళ్లండి, అది అన్నిటికన్నా మేలు.

పడవ భయం మాటకొస్తే, పాంటూన్ అని ఒక రకం ఉంది. పొడవాటి లోహపు గొట్టాల మీద చదునైన వేదిక, చుట్టూ పిట్టగోడలాంటి కమ్మీ, పైన గుడ్డ పందిరి, సోఫాలు. మెల్లగా పోతుంది, పెద్దవాళ్లకి అదే సరి. పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నం అయ్యేసరికి దక్షిణపు గాలి లేచి అలలు కడుతుంది. అంత మైదానంలో గాలికి అడ్డు ఏముంది గనక. టెక్సస్ చట్టం ప్రకారం 26 అడుగుల లోపు పడవ నడుస్తున్నంతసేపూ 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. పెద్దవాళ్లకి పడవలో తలా ఒకటి ఉంటే చాలంటుంది చట్టం. మీరు మాత్రం వేసుకునే కూర్చోండి. చీర మీద ఎలా అనకండి, ఆ ఒక్కరోజుకి చుడీదార్ వేసుకుంటే మీ వియ్యపురాలు కూడా వేసుకుంటుంది. ఉరుము వినిపిస్తే పడవవాడు తిప్పినా తిప్పకపోయినా మీరు తిప్పమనండి, మొహమాటం వద్దు.

ఈత కొట్టే చోట్ల కాపలా ఉండేవాళ్లు ఎవరూ ఉండరు. పిల్లలు మోకాలి లోతు దాటితే ఒక పెద్దమనిషి ఫోన్ జేబులో పెట్టి వాళ్లనే చూస్తూ ఉండాలి. కాళ్లకి పాత చెప్పులు తప్పనిసరి. 2009లో ఈ నీళ్లలో జీబ్రా మస్సెల్ అనే చారల ఆల్చిప్ప దొరికింది, టెక్సస్ మొత్తంలో అదే మొదటిచోటు. వేలిగోరంత ఉంటుంది, రాళ్లకి గుంపులు గుంపులుగా అతుక్కుంటుంది, అంచు బ్లేడే. ఈ చిప్ప పక్క చెరువులకు పాకకూడదనే, పడవని బయటికి తీయగానే అడుగునున్న నీళ్లన్నీ వొంపేయాలన్న రూలు పెట్టారు. అంతెందుకు, దీని దెబ్బకి ఉత్తర టెక్సస్ మంచినీళ్ల సంస్థ టెక్సోమా నుంచి నీళ్లు తోడడం ఆపేసి, ప్రత్యేకంగా పైపులైను వేసుకుని 2014లో గానీ మళ్లీ మొదలుపెట్టలేకపోయింది.

ఒక మాట. మీ అబ్బాయి రోజూ ఆఫీసుకి వెళ్లే దారిలో ప్రెస్టన్ రోడ్ ఉంటుంది, ఫ్రిస్కోలో ఆ రోడ్డు ఎక్కని తెలుగువాడు ఉండడు. ఒకప్పుడు పశువుల మందల్ని తోలుకొచ్చిన దారి అది. రెడ్ రివర్ దాటే రేవు దగ్గర ప్రెస్టన్ అనే ఊరుండేది. ఆనకట్ట కట్టాక ఆ ఊరు ముంపులో పోయింది, పేరు మాత్రం ఇటు దుకాణాల బోర్డుల మీద మిగిలింది. కండలేరు కింద ఖాళీ చేయించిన పల్లెల్ని దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి నాకు ఆ రోడ్డు మీద వెళ్లినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఆ రోడ్డునే నేరుగా ఉత్తరానికి పోనిస్తే గంట పైచిలుకులో టెక్సోమా దగ్గర తేలతారు.

ప్రశ్న: కొల్లేటి ఒడ్డున పుట్టి రైల్వేలో రిటైరైనవాణ్ని. గాలం వేయకుండా ఉండలేను. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ చేపలు పట్టొచ్చా? అసలు తినదగ్గ చేప ఉందా? – ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: ఉందా అని అడుగుతారేమిటండీ! పుస్తెలమ్మైనా పులస తినాలన్న జాతి మనది, అక్కడ దాని వరసైనదే ఒకటుంది. స్ట్రైపర్ అంటారు, ఒంటిమీద తల నుంచి తోక దాకా నల్ల గీతలు. అసలు సముద్రపు చేప. అట్లాంటిక్ నుంచి నదుల్లోకి ఎదురెక్కి గుడ్లు పెట్టి పోయేది, సరిగ్గా మన పులస గోదావరి ఎక్కినట్టే. 1960ల మధ్యలో దాని పిల్లల్ని తెచ్చి టెక్సోమాలో వదిలారు. మామూలుగా ఇలా వదిలిన చెరువుల్లో అది బతుకుతుంది గానీ పిల్లలు పెట్టదు, ఏటేటా హ్యాచరీ పిల్లల్ని పోస్తూ ఉండాలి. దాని గుడ్డు పొదగాలంటే రెండు రోజులపాటు పారే నీళ్లలో తేలుతూ పోవాలి. అడుగు బురదలో కూరుకుంటే చచ్చిపోతుంది. టెక్సోమాకి పైన రెడ్, వాషిటా నదులు అడ్డుకట్టల్లేకుండా చాలా దూరం పారుతాయి. పైగా ఎగువనున్న ఉప్పు ఊటల వల్ల రెడ్ రివర్ నీళ్లు కాస్త ఉప్పన. చేపకి పుట్టిల్లు గుర్తొచ్చిందేమో మరి, తనంతట తానే సంతానం పెంచుకుంది. ఆ దేశంలో ఇలాంటి చెరువులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

లైసెన్సు సంగతి. ఒడ్డునుంచి గాలం వేస్తే చాలనుకుంటే ఐసెన్‌హవర్ స్టేట్ పార్కుకి వెళ్లండి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డున కూర్చుని పట్టుకుంటే లైసెన్సు అక్కర్లేదు. ఎప్పటికైనా మంచిది, గేటు దగ్గర ఒకమాట అడగండి. పడవలో వెళ్తే లైసెన్సు కావాలి. నీళ్లు రెండు రాష్ట్రాలవి కాబట్టి ఏ పక్కకి పోతే ఆ పక్క లైసెన్సన్న గొడవ లేకుండా ‘లేక్ టెక్సోమా’ పేరుతో ఒకటే ఇస్తారు, సరస్సంతా చెల్లుతుంది, బయటివాళ్లూ కొనుక్కోవచ్చు. మర్చిపోకండి, డిసెంబరు 31తో అది సరి. రోజుకెన్ని, ఎంత పొడవువి ఉంచుకోవాలన్న లెక్క కూడా ఉంటుంది, లెక్క తప్పితే జరిమానా గట్టిగా వేస్తారు.

మీలాంటి పనివాడికి నా సలహా, ఒక్కసారి గైడ్ పడవ ఎక్కండి. తెల్లవారకముందే తీసుకెళ్తారు. నీళ్లమీద గల్ పక్షులు ఎక్కడ గుంపుగా మునుగుతున్నాయా అని చూస్తూ ఉంటాడు గైడు. కింద నుంచి స్ట్రైపర్లు చిన్న షాడ్ చేపల్ని పైకి తరుముతాయి, పైనుంచి పక్షులు దిగుతాయి, మధ్యలో నీళ్లు ఉడుకుతున్నట్టు కుతకుతలాడతాయి. ఇంజను ఆపి మెల్లగా అక్కడికి చేరి గాలం వేయడమే. తిరిగొచ్చాక రేవు దగ్గర బల్లమీద వాళ్లే కోసి, ముల్లు తీసి, ముక్కలు సంచిలో పెట్టిస్తారు. తోలు పక్కనుండే ఎర్ర కండ మాత్రం పూర్తిగా తీసేయమనండి, నీచు వాసనంతా దాన్లోనే. తల పారేస్తారు వాళ్లు. మీరు నోరు తెరిచి అడిగి తెచ్చుకోండి. ఇంటికొచ్చాక చింతపండు పులుసు సంగతి కొల్లేటివాడికి నేను చెప్పేదేముంది. కోడలు తలుపులన్నీ తీసిపెడుతుంది, అంతే.

ప్రశ్న: భోజనం అక్కడ దొరుకుతుందా? పురుగూ పుట్రా ఉంటాయా? – ఒక గృహిణి, మాధవరం

జవాబు: దొరికినా మీకు నచ్చదు. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లండి. పార్కుల్లో బల్లలూ, ఇనప గ్రిల్లులూ ఉంటాయి, బొగ్గులు మీరే తెచ్చుకోవాలి. మొక్కజొన్న పొత్తులు మరిచిపోవద్దు. ఎర్ర చీమల పుట్టలుంటాయి, కుట్టిన చోట చీముపొక్కు లేస్తుంది, కాబట్టి గడ్డిలో దుప్పటి పరిచేముందు చూసుకోండి. పొదల్లోకి పోతే పిడుదులు పడతాయి, రాత్రి స్నానాలప్పుడు పిల్లల చెవుల వెనక తడిమి చూడండి. మూడేసి ఆకులుండే తీగ ఏదైనా సరే ముట్టుకోవద్దు, పాయిజన్ ఐవీ అయితే వారం రోజులు దురద. ఎండ 38 డిగ్రీలంటే చెన్నైవాళ్లం నవ్వుతాం. అక్కడ చెమట కనపడకుండా ఆరిపోతుంది, దాహం తెలియకుండానే కళ్లు తిరుగుతాయి. తలా రెండు సీసాల నీళ్లు.

ప్రశ్న: సూళ్లూరుపేటలో పుట్టాను. చిన్నప్పుడు శ్రీహరికోట రోడ్డుకి రెండువైపులా ఫ్లెమింగోలు చూస్తూ పెరిగాను. డాలస్ దగ్గర అలాంటి చోటేదైనా ఉందా? జూన్‌లో వెళ్తున్నాను. – ఒక రిటైర్డ్ టీచరమ్మ, కొళత్తూరు

జవాబు: చోటుంది టీచరమ్మా, నెలే కలవలేదు. టెక్సోమాకి దక్షిణంగా చొచ్చుకొచ్చిన ఒక పాయ మీద హేగర్‌మన్ అనే పక్షుల ఆశ్రయం ఉంది, 1946 నుంచీ నడుస్తోంది. ముంపులో పోయిన ఊరి పేరే దానికీ పెట్టారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆర్కిటిక్ వైపు నుంచి మంచుబాతులు వేలకొద్దీ దిగుతాయి. తెల్లటి ఒళ్లు, రెక్కల కొసలు మాత్రం నల్లన. గుంపంతా ఒక్కసారి లేచిందంటే కారు అద్దాలు బిగించినా ఆ రొద లోపలికి వినబడుతుంది. టికెట్ లేదు, కారు దిగకుండానే నీటి అంచున తిరిగి చూడొచ్చు, మోకాళ్ల నొప్పులవాళ్లకి వరం. చిత్రమేమిటంటే ఆ పక్షుల మధ్యే చమురు బావుల పంపులు తలూపుతూ ఉంటాయి. మన పులికాట్ మీద రాకెట్లు ఎగిరినట్టే అనుకోండి, వాటికి అలవాటైపోయింది.

జూన్‌లో వెళ్తే కొంగలు తప్ప పెద్దగా ఏమీ కనపడవు. టికెట్లు మార్చుకోగలిగితే నవంబరులో బయల్దేరండి. అయితే అప్పుడు నేలపట్టులో గూడబాతుల సీజను పోగొట్టుకుంటారు, సూళ్లూరుపేట పక్షుల పండుగా దాటిపోతుంది. మీ ఇష్టం. నన్నడిగితే నేలపట్టే ఎంచుకుంటాను.

ప్రశ్న: నాకు పడవలు, చేపలు రెండూ పడవు. నీళ్ల పక్కన నీడలో కూర్చోవాలి, అంతే. – పేరు వద్దన్న పాఠకుడు, అంబత్తూరు

జవాబు: అయితే టెక్సోమా మానేయండి. ఐ-35 మీద ఉత్తరానికి రెండు గంటలు పోతే ఓక్లహామాలో సల్ఫర్ అనే ఊరు, దాన్ని ఆనుకుని చికసా నేషనల్ రిక్రియేషన్ ఏరియా. ప్రవేశం ఉచితం. అక్కడి గంధకపు ఊటలు ఎవరో కంచె వేసుకుని సొంతం చేసుకుంటారన్న దిగులుతో చికసా జాతివాళ్లు 1902లో ఆ నేలని ప్రభుత్వం చేతికి అమ్మారు. 1906లో నేషనల్ పార్కు చేశారు, 1976లో ఇప్పటి పేరు వచ్చింది. 1930లలో పని లేని కుర్రాళ్లని పెట్టి కట్టించిన రాతి మంటపాలు, చిన్న జలపాతాలు, దట్టమైన చెట్లు. కంచె అవతల అడవిదున్నలు కూడా కనిపిస్తాయి. పడవల వాళ్లు పోయే ఆర్బకుల్స్ లేక్ అక్కడికి దగ్గరే, మీరు ఆ పక్కకి పోనక్కర్లేదు. ఆ ఊట నీళ్లు మాత్రం తాగకండి. వాసన చూస్తే మీరే తాగరు లెండి.

ప్రశ్న: అమెరికాలో పిల్లలున్నవాళ్లకేనా ఈ శీర్షిక? చెన్నైలోనే ఉండి ఆదివారం ఒక్కరోజు వెళ్లొచ్చే నీళ్లు చెప్పండి. – ఒక ఆటో డ్రైవర్, పోరూరు

జవాబు: తప్పకుండా, తమ్ముడూ. సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కు. దిగి శ్రీహరికోట రోడ్డు పట్టుకుంటే ఇటూ అటూ పులికాటే, మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. ఫ్లెమింగోలు నిలబడేంత లోతు తక్కువ నీళ్లు. నేలపట్టు అక్కడికి 20 కిలోమీటర్ల లోపే, డిసెంబరు జనవరుల్లో గూడబాతులు చెట్లమీద పిల్లలతో ఉంటాయి. ఆ ఊరివాళ్లు వాటి జోలికి ఎవర్నీ రానివ్వరు, రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాళ్లకి తెలుసు. తమిళనాడు పక్కనుంచి చూడాలనుంటే పొన్నేరి మీదుగా పళవేర్కాడు. 1613 నాటి డచ్చివాళ్ల కోట దిబ్బగా మిగిలింది, వాళ్ల శ్మశానం మాత్రం చెక్కుచెదరలేదు, వాకిట్లో చెక్కిన అస్థిపంజరాల బొమ్మల్ని పిల్లలు వదలరు. ఎండ్రకాయలు అక్కడే కొనుక్కో. లైఫ్ జాకెట్ చూపించలేని పడవ మాత్రం వందకి ఎక్కిస్తానన్నా, ఊరికే ఎక్కిస్తానన్నా ఎక్కొద్దు.

ప్రశ్న: కార్తీకమాసానికి ప్లేనోలోనే ఉంటాం. టెక్సోమాలో అరటిదొప్పల్లో దీపాలు వదలొచ్చా? – అన్నానగర్ పాఠకురాలి పొరుగింటావిడ

జవాబు: వద్దమ్మా. నీళ్లలో ఏది వదిలినా చెత్త కిందే లెక్కేస్తారు, గాలి ఎక్కువైన రోజుల్లో బయట నిప్పు రాజేయడం మీద కూడా నిషేధం పెడుతుంటారు. మా ఇంట్లో పెరట్లో పిల్లల ప్లాస్టిక్ ఈత తొట్టి ఉంది, దాన్లో నీళ్లు పోసి వదులుతుంది మా ఆవిడ. దొప్పలకి అరటిబోదె ఇండియన్ స్టోర్లో అన్నివేళలా దొరకదు, ముందే చెప్పి ఉంచండి.